నాన్న ఫోన్‌లో పిల్లల జాడ

పిల్లల కోసమని తయారైన వెబ్‌సైటు తెరిచినప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. బొమ్మలు, పాటలు, ఎక్కాలు తెర మీదికి వస్తాయి. అదే సమయంలో ఆ ఫోను ఏది, ఏ ప్రాంతంలో ఉంది, అంతకుముందు ఏం చూసింది అనే వివరాలు సైటుతో సంబంధం లేని వేరే కంపెనీలకు వెళ్తాయి. మొదటి పని పిల్లలకు కనిపిస్తుంది. రెండోది ఇంట్లో పెద్దలకు కూడా కనిపించదు. వాడుకలో ట్రాకింగ్ అంటున్నది ఈ రెండో పనినే. ఆరేళ్ల పిల్ల ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట నొక్కితే ఆ అంగీకారానికి అర్థం లేదు. పదిహేనేళ్ల పిల్లవాడు నొక్కినా, తాను దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలిసే వీలు తక్కువ. ఈ విషయంలోని చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

ట్రాకింగ్ పద్ధతుల్లో అందరూ పేరైనా విన్నది కుకీ. సైటు ఫోనులో వదిలే చిన్న గుర్తు అది. సైటు తన సొంత కుకీ పెట్టుకోవడం, కిరాణా కొట్టు యజమాని ఖాతా పుస్తకంలో పేరు రాసుకోవడం లాంటిది. బయటి కంపెనీ కుకీ పని వేరు. ఊళ్లోని ప్రతి కొట్టులోనూ ఒకే కంపెనీ మనిషి కూర్చుని, ఎవరు ఏ కొట్టుకు వచ్చారో, ఏ వస్తువు దగ్గర ఎంతసేపు నిలబడ్డారో అంతా ఒకే పుస్తకంలోకి ఎక్కిస్తున్నట్టు. కొన్ని బ్రౌజర్లు ఇలాంటి కుకీలను అడ్డుకోవడం మొదలుపెట్టాక ఫింగర్‌ప్రింటింగ్ పెరిగింది. తెర కొలత, ఫాంట్లు, భాష, గడియారం అమరిక, గ్రాఫిక్స్ చిప్ ఒక బొమ్మను గీసే తీరులోని సూక్ష్మమైన తేడాలు, ఇవన్నీ కలిపి చూస్తే చాలా ఫోన్లు విడివిడిగా గుర్తుపట్టేంత ప్రత్యేకంగా తేలతాయి. కుకీని తుడిచేయవచ్చు. దీన్ని తుడవడానికి ఫోనులో ఏ గుర్తూ ఉండదు. యాప్‌లలో ఈ పనిని ఎస్‌డీకేలు చేస్తాయి. యాప్ తయారీదారు తన పని తేలికవుతుందని ప్రకటనల కంపెనీ దగ్గర తెచ్చి అతికించుకునే కోడ్ ముక్కలివి. ఆండ్రాయిడ్ ఫోనుకు ఉండే ప్రకటనల గుర్తింపు సంఖ్యను ఇవి చదివి పంపుతాయి.

పేజీ తెరుచుకునే రెప్పపాటులో ప్రకటన స్థలానికి వేలం జరుగుతుంది. పాల్గొనే కంపెనీలకు ఫోను గుర్తు, సుమారు ప్రాంతం, చూస్తున్న పేజీ వివరాలు అందుతాయి. వేలం గెలిచేది ఒక్క కంపెనీ. వివరాలు మాత్రం ఓడిన కంపెనీల దగ్గరా ఉండిపోతాయి. ప్రకటనే కనిపించలేదు కాబట్టి జాడ పోలేదనుకోవడం అందుకే పొరపాటు.

ఇది ఎంత విస్తృతంగా ఉందో కొలిచిన అధ్యయనాలు ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయం, బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో పిల్లల కోసం నడిచే సుమారు 2,000 సైట్లను పరిశీలించారు. దాదాపు 90 శాతం సైట్లలో కనీసం ఒక ట్రాకర్ ఉంది. సుమారు 27 శాతం సైట్లలో మనిషిని బట్టి మారే ప్రకటనలు కనిపించాయి. డేటింగ్, బరువు తగ్గించే మందుల వంటి ప్రకటనలు కూడా పిల్లల పేజీల్లో దొరికాయి. అంతకుముందు 2018లో అమెరికా పరిశోధకుల బృందం పిల్లలకు ఉద్దేశించిన 5,855 ఉచిత ఆండ్రాయిడ్ యాప్‌లను పరీక్షించి, సగానికి పైగా అక్కడి పిల్లల గోప్యతా చట్టాన్ని ఉల్లంఘిస్తూ ఉండవచ్చని తేల్చింది. తయారీదారుల్లో చాలామందికి దురుద్దేశం లేకపోవచ్చు. తెచ్చి అతికించిన ఎస్‌డీకే ఏం పంపుతుందో వాళ్లూ చూసుకోలేదు. 19 శాతం యాప్‌లలో, పిల్లల యాప్‌లలో వాడకూడదని సొంత నిబంధనల్లోనే రాసుకున్న ఎస్‌డీకేలు పనిచేస్తూ కనిపించాయి.

భారతదేశంలో ఈ ప్రశ్న బడి దారిన వచ్చింది. కేంద్ర విద్యాశాఖ 2017 సెప్టెంబరులో ప్రారంభించిన దీక్ష వేదిక, కోవిడ్ కాలంలో ప్రభుత్వ బడి పిల్లలకు ప్రధాన ఆధారాల్లో ఒకటైంది. తెలంగాణ పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన ముద్రించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే తెరుచుకునేది ఆ వేదికే. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 2022 మేలో 49 దేశాల ప్రభుత్వాలు సిఫారసు చేసిన 160కి పైగా చదువు యాప్‌లు, సైట్ల మీద నివేదిక వెలువరించింది. వాటిలో 89 శాతం పిల్లల హక్కులకు ప్రమాదం తెచ్చేలా లేదా వాటిని భంగపరిచేలా డేటాతో వ్యవహరించాయని పేర్కొంది. దీక్ష యాప్‌కు పిల్లలు ఉన్న చోటును కచ్చితంగా కనిపెట్టే శక్తి ఉందనీ, డేటా గూగుల్‌కు వెళ్తోందనీ అదే నివేదిక చెప్పింది. ఏడాది తిరగకుండా, 2023 జనవరిలో వైర్డ్ పత్రిక ఇంకో సంగతి బయటపెట్టింది. దీక్షకు చెందిన డేటా నిల్వ ఒకటి ఏడాదికి పైగా తాళం లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉంది. అందులో 10 లక్షల మందికి పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిళ్లు, సుమారు 6 లక్షల మంది విద్యార్థుల పేర్లు, బడి వివరాలు ఉన్నాయి. ఈ రెండు సంఘటనల తీరు వేరు. మొదటిది తెలిసి పంపిన డేటా, రెండోది అజాగ్రత్త వల్ల బయటపడ్డ డేటా. అయినా అవసరానికి మించి పోగేయడం ఆపితే రెండో దాని నష్టం కూడా చాలావరకు తగ్గుతుంది. లేని డేటా లీకవదు.

ఇక్కడ 2020 నాటి ఒక ఏర్పాటును గుర్తు చేసుకోవాలి. తెలంగాణ ప్రభుత్వం ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు ప్రసారం చేసింది. ఇంటర్నెట్ లేని ఇళ్లకూ చదువు చేరాలన్నది దాని ఉద్దేశం. అప్పట్లో అంతగా చర్చకు రాని గుణం ఇంకొకటి దానికి ఉంది: డిష్‌లోనో కేబుల్లోనో వచ్చే ప్రసారం పిల్లను తిరిగి చూడదు. ఎవరు చూశారో, ఎక్కడ ఆపారో ఎవరికీ చేరదు. అదే పాఠం యూట్యూబ్‌లో చూస్తే ఆ లెక్కంతా జమవుతుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు చదువు యాప్ బైజూస్ పాఠాలు ముందే ఎక్కించిన సుమారు 5.18 లక్షల ట్యాబ్‌లు పంచినప్పుడు ఈ మంచి గుణం కొంత మిగిలింది. నెట్ అక్కర్లేకుండా నడిచినంతసేపు ఆ పాఠానికి ప్రకటనల ట్రాకర్ అంటుకోదు. డిజిటల్ చదువు అంటే నిఘా తప్పదన్న వాదన సరికాదనడానికి ఈ రెండూ చాలు.

పిల్లల గోప్యత గురించి జరిగే చర్చలన్నిటి అడుగునా ఒక ఊహ ఉంది: పిల్లకు ఒక ఫోను లేదా ఖాతా ఉంటుంది, తల్లిదండ్రులకు వేరేవి ఉంటాయి, పెద్దలు తమ ఖాతా నుంచి అనుమతి ఇస్తారు. గుమ్మడిదల లాంటి చోట ఈ ఊహ నిలవదు. హైదరాబాద్ నుంచి నర్సాపూర్ మీదుగా మెదక్ వెళ్లే రోడ్డు మీది ఈ ఊరు 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు జిన్నారం నుంచి విడిపోయి మండల కేంద్రమైంది. బొంతపల్లి, దోమడుగు చుట్టుపక్కలా, ఇటు గడ్డపోతారం, ఖాజీపల్లి, బొల్లారం వైపూ మందుల కంపెనీలు, రసాయనాల కంపెనీలు. పనిచేసేవాళ్లలో చుట్టుపక్కల పల్లెలవాళ్లతో పాటు ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చి అద్దె గదుల్లో కాపురం ఉంటున్నవాళ్లూ ఉన్నారు. మందుల కంపెనీల్లో ఉత్పత్తి జరిగే చోటికి ఫోను తీసుకుపోనివ్వరు. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన తండ్రి ఫోను పిల్లల చేతికి పోతుంది. అందులో ఉన్న గూగుల్ ఖాతా తండ్రిది, వయసు తండ్రిది, నంబరు తండ్రిది. చూసేది మూడో తరగతి పిల్ల.

ఇది పారిశ్రామికవాడకే పరిమితమైన సంగతి కాదు. గ్రామీణ భారతంలో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల మీద 2024లో చేసిన అసర్ సర్వేలో 82.2 శాతం మంది స్మార్ట్‌ఫోను వాడగలమన్నారు. వాడగలిగినవాళ్లలో 14 ఏళ్ల పిల్లలకు సొంత ఫోను ఉన్నది 27 శాతానికే. 16 ఏళ్లకు కూడా అది 37.8 శాతమే. మిగతా అందరూ ఇంట్లోవాళ్ల ఫోనులో, ఇంట్లోవాళ్ల పేరుతో ఇంటర్నెట్‌లోకి వెళ్తున్నారు. ఇంకా చిన్న పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది. సైటు దృష్టిలో అక్కడ పిల్లలెవరూ లేరు, ముప్ఫై ఐదేళ్ల మగమనిషి ఉన్నాడు. పిల్లల కోసం పెట్టిన రక్షణలేవీ అతనికి వర్తించవు. కానీ ట్రాకర్ చూసేది ఖాతా వయసును కాదు, వాడకాన్ని. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తెలుగు రైమ్స్, కార్టూన్లు, మూడో తరగతి ఎక్కాలు చూసే ఫోను ఉన్న ఇంట్లో చిన్నపిల్ల ఉందని ప్రకటనల కంపెనీ లెక్క గట్టగలదు. చట్టానికి కనిపించని పిల్ల మార్కెట్‌కు కనిపిస్తుంది. ఇక్కడి పిల్లల గోప్యతకు అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే. ‘తల్లిదండ్రుల అనుమతి’ చుట్టూ కట్టిన పరిష్కారాలు దీన్ని తాకవు.

ప్రవాహం అటునుంచి ఇటు కూడా ఉంటుంది. జీతం రాకముందు తండ్రి అప్పు యాప్‌ల కోసం వెతికి ఉంటే, ఆ ప్రకటనలు కూతురు చూసే బొమ్మల పేజీ మీద తేలతాయి. 2020 డిసెంబరులో అప్పు యాప్‌ల వేధింపుల వల్ల ఆత్మహత్యలు జరిగినప్పుడు హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు పెద్దఎత్తున కేసులు పెట్టారు. పెద్దలను లక్ష్యం చేసుకున్న ఈ వ్యాపారం పిల్లల తెర మీదికి రావడానికి ఎవరూ పిల్లలను ఎంచుకోనక్కర్లేదు. ఫోను ఒకటే అయితే చాలు.

తెలుగు పిల్లల జాడ ఒక్క రోజే చాలా ఎక్కువగా బయటపడే సందర్భం పదో తరగతి ఫలితాల రోజు. తెలంగాణలో ఏటా సుమారు 5 లక్షల మంది ఆ పరీక్ష రాస్తారు. ప్రభుత్వ సైటు రద్దీకి మొరాయిస్తుందన్న భయంతో ఫలితాలను ప్రైవేటు సైట్లలోనూ చూసుకోవడం ఇరవై ఏళ్లకు పైగా అలవాటు. అలాంటి పేజీ మీద మార్కులకంటే ప్రకటనలే ఎక్కువ చోటు తీసుకుంటాయి. హాల్‌టికెట్ నంబరు ఒక్కటీ కొడితే పేరు, మార్కులు తెర మీదికి వచ్చే పద్ధతిలో ఇంకో లోపం ఉంది. నంబర్లు వరుసగా ఉంటాయి కాబట్టి పక్కవాళ్ల మార్కులు చూడటానికి చివరి అంకె మారిస్తే చాలు. ఒక్కొక్కటిగా చూస్తే అది కుతూహలం. చిన్న ప్రోగ్రామ్ రాసి మొత్తం వరుసను దించుకుంటే అది ఒక బడి మార్కుల పట్టిక. కొన్ని సైట్లు ఫలితం ముందుగా పంపుతామని ఫోను నంబరు కూడా అడుగుతాయి. పదిహేనేళ్ల పిల్ల పేరు, మార్కులు, ఇంటి ఫోను నంబరు ఒకచోట చేరాక అది ఇంటర్ కాలేజీలకు, కోచింగ్ సెంటర్లకు కావలసిన జాబితా అవుతుంది.

పరీక్షలు ముగియకముందే కాలేజీ పీఆర్‌ఓల ఫోన్లు మొదలవడం తెలుగు తల్లిదండ్రులకు కొత్త కాదు. ఆ నంబర్లలో చాలావరకు పాత పద్ధతిలో, బడి రిజిస్టర్ల నుంచి, తెలిసినవాళ్ల నుంచి చేతులు మారతాయి. ఆన్‌లైన్ జాడ ఈ పాత వ్యాపారాన్ని పెంచింది తప్ప కనిపెట్టలేదు. చదువు యాప్‌ల మీద ఇలాంటి ఆరోపణ జాతీయ స్థాయిలోనూ వచ్చింది. బైజూస్ పిల్లల, తల్లిదండ్రుల ఫోను నంబర్లు కొని వెంటపడుతోందని 2022 డిసెంబరులో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ అధ్యక్షుడు ప్రియాంక్ కానూంగో బహిరంగంగా అన్నారు. కంపెనీ దాన్ని ఖండించింది. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, ఇంకో చదువు యాప్ అన్‌అకాడమీ ఖాతాదారుల వివరాలు చోరీ అయినప్పుడు బయటి సైబర్ భద్రతా సంస్థ ఆ సంఖ్య 2.2 కోట్లంది, కంపెనీ 1.1 కోట్లంది. ఏ లెక్క తీసుకున్నా అందులో బడి, కాలేజీ వయసువాళ్లు పెద్దసంఖ్యలో ఉంటారు.

చట్టం విషయంలో తెలుగు నేలకు ఒక పాత వాటా ఉంది. బ్యాంకులు, ఆఫీసుల దగ్గరున్న పత్రాలను జిల్లా కలెక్టరు నియమించిన మనిషి వెళ్లి చూడవచ్చని స్టాంపుల చట్టానికి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణను కెనరా బ్యాంకు సవాలు చేసింది. హైదరాబాద్ జిల్లా రిజిస్ట్రారు, కలెక్టరు ఒక పక్షంగా నడిచిన ఆ కేసులో 2004 నవంబరులో సుప్రీంకోర్టు బ్యాంకు వైపు తీర్పు ఇచ్చింది. గోప్యత హక్కు మనుషులది, చోట్లది కాదని చెప్పింది. పత్రం ఇల్లు దాటి బ్యాంకుకు చేరినంత మాత్రాన దాని మీద మనిషికున్న గోప్యత పోదని దీని సారం. ట్రాకింగ్ ప్రశ్నకు ఇంతకంటే దగ్గరి పూర్వపు తీర్పు దొరకడం కష్టం. సైటు చేతికి వెళ్లిన డేటా ఇక సైటు సొత్తే అన్న వాదనకు అందులోనే జవాబు ఉంది. గోప్యత ప్రాథమిక హక్కేనని తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తేల్చింది.

ఆ పునాది మీద వచ్చిందే 2023 ఆగస్టు నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా దాని దృష్టిలో పిల్లలు. వాళ్ల డేటా వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి, ఆ అనుమతి నిజమైనదని నిర్ధారించుకోవాలి. తొమ్మిదో సెక్షన్ ఇంకా ముందుకు వెళ్లి, పిల్లలను ట్రాక్ చేయడాన్ని, వాళ్ల ప్రవర్తనను గమనించడాన్ని, వాళ్లను లక్ష్యంగా చేసుకున్న ప్రకటనలను నిషేధించింది. ఉల్లంఘిస్తే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. వివరాలు, అనుమతి కోరే మాటలు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చదువుకునే వీలివ్వాలి. తెలుగు, ఉర్దూ, ఒడియా, హిందీ ఒకే వీధిలో వినిపించే పారిశ్రామికవాడకు ఈ నిబంధన చాలా అవసరం.

నిషేధం మాటల్లో గట్టిదే. దాని చుట్టూ ఉన్న మినహాయింపులు పెద్దవి. 2025 నవంబరులో వెలువడిన నియమాల నాలుగో షెడ్యూలు విద్యాసంస్థలకు చదువు పనుల కోసం, పిల్లల భద్రత కోసం ట్రాకింగ్‌కు అవకాశం ఇచ్చింది. ప్రభుత్వం సబ్సిడీలు, సేవలు అందించడానికి చేసే డేటా వాడకానికి వేరే వెసులుబాటు ఉంది. బడి బస్సు ఎక్కడుందో తల్లికి తెలియడం అవసరమే. కానీ ‘చదువు పని’ అన్న మాట కింద ఏమేమి ఇముడుతాయో హద్దు గీయలేదు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2023 నుంచి ముఖ గుర్తింపుతో పిల్లల హాజరు తీసుకుంటున్నారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, ముఖాన్ని మార్చుకోలేరు. ఇంత శాశ్వతమైన డేటాకు మామూలు హాజరు పట్టీకి సరిపోయే మినహాయింపు తగదు.

అసలు లోపం మళ్లీ నాన్న ఫోను దగ్గరికే తెస్తుంది. చట్టంలో పిల్లలకు నిర్వచనం ఉంది, పిల్లల సైటుకు నిర్వచనం లేదు. ఆచరణలో, వాడుతున్నది పిల్ల అని తెలిస్తేనే బాధ్యత మొదలవుతుంది. అమెరికా ఇంకో దారిన వెళ్లింది. అక్కడి పిల్లల ఆన్‌లైన్ గోప్యతా చట్టం 1998లో వచ్చి 2000లో అమలైంది. అది పదమూడేళ్లలోపు వాళ్లకే వర్తిస్తుంది, ఆ రకంగా మన చట్టం కంటే ఇరుకైనది. కానీ ప్రధానంగా పిల్లల కోసం నడిచే సైటు తన దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ పిల్లలుగానే చూడాలంటుంది. ఆ చట్టం కింద 2019 సెప్టెంబరులో గూగుల్, యూట్యూబ్ 17 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకున్నాయి. దాని ఫలితంగా 2020 జనవరి నుంచి యూట్యూబ్‌లో పిల్లల వీడియో అని గుర్తు పెట్టిన ప్రతిదానికీ మనిషిని బట్టి మారే ప్రకటనలు ఆగిపోయాయి, వ్యాఖ్యలు మూతపడ్డాయి. ఈ మార్పు ప్రపంచమంతటా వర్తించింది. ఒకే ఫోనున్న ఇంటికి ఇది సరిగ్గా సరిపోయే రక్షణ. ఎందుకంటే అది చూసేవాళ్ల వయసు అడగదు, చూస్తున్న వస్తువును బట్టి పనిచేస్తుంది. తెలుగు రైమ్స్ వీడియో తండ్రి ఖాతాలో ఆడినా పిల్లల వీడియోగానే ఆడుతుంది.

బ్రిటన్ 2020 సెప్టెంబరులో తెచ్చి ఏడాది గడువు తర్వాత అమలు చేసిన వయసుకు తగిన రూపకల్పన నియమావళి మరికొంత ముందుకెళ్లింది. పిల్లల కోసమే కాకపోయినా, పిల్లలు వాడే అవకాశం ఉన్న ప్రతి సేవకూ అది వర్తిస్తుంది. చోటు కనిపెట్టడం, ప్రవర్తనను బట్టి అంచనాలు కట్టడం మొదటి నుంచీ ఆపి ఉంచాలి. పదో తరగతి ఫలితాల సైటు లాంటిది ఈ నిర్వచనంలోకి వస్తుంది, అమెరికా నిర్వచనంలోకి రాదు. ఐర్లాండ్ డేటా పరిరక్షణ కమిషన్ పిల్లల ఖాతాల విషయంలో 2022లో ఇన్‌స్టాగ్రామ్‌కు 40.5 కోట్ల యూరోలు, 2023లో టిక్‌టాక్‌కు 34.5 కోట్ల యూరోలు జరిమానా వేసింది. ఆ కేసుల్లో ముఖ్యమైన తప్పు, పిల్లల ఖాతాలు మొదట్లోనే అందరికీ కనిపించేలా ఉండటం.

ఇంటి స్థాయిలో చేయగలిగినవి కొన్నే ఉన్నాయి. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో ప్రకటనల గుర్తింపు సంఖ్యను తొలగించవచ్చు. కొన్ని ఫోన్లలో పిల్లలకు వేరే యూజర్ తెరిచే వీలుంది. బయటి కుకీలను అడ్డుకునే బ్రౌజరు వాడవచ్చు, లొకేషన్ అనుమతి ఆపేయవచ్చు. అసర్ సర్వేలోనే, సోషల్ మీడియా వాడే పిల్లల్లో ఖాతాను ప్రైవేటుగా మార్చుకోవడం తెలిసినవాళ్లు 55.2 శాతం. పిల్లలకు కొంత తెలుసు, ఇంట్లో పెద్దలకు చాలాచోట్ల అదీ తెలియదు. ఫింగర్‌ప్రింటింగ్‌కు, వేలంలో పోయే డేటాకు ఇంటి నుంచి అడ్డం వేయలేరు. అది సైటు నడిపేవాళ్లు, ప్రభుత్వం చేయాల్సిన పని. ప్రభుత్వం తన చేతిలో ఉన్నదాన్ని చట్టం కోసం ఆగకుండానే చేయగలదు: క్యూఆర్ కోడ్‌తో తెరుచుకునే పాఠం పేజీలో బయటి కంపెనీల కోడ్ లేకుండా చూడటం, ఫలితాలకు హాల్‌టికెట్‌తో పాటు పుట్టిన తేదీ అడగడం, ఫలితాల డేటా తీసుకునే ప్రైవేటు సైట్లకు ఆ పేజీలో ట్రాకర్లు ఉండకూడదని షరతు పెట్టడం.

తొమ్మిదో సెక్షన్ అమలుకు 2025 నవంబరు నుంచి పద్దెనిమిది నెలల గడువు ఉంది, అంటే 2027 మే దాకా. తెలంగాణ పదో తరగతి ఫలితాలు 2024లోనూ 2025లోనూ ఏప్రిల్ 30న వచ్చాయి. ఆ లెక్కన 2026, 2027 బ్యాచ్‌ల ఫలితాలు నిషేధం అమల్లోకి రాకముందే వెలువడతాయి. తొమ్మిదో సెక్షన్ వర్తించే మొదటి పదో తరగతి, 2025 నవంబరులో ఎనిమిదిలో ఉన్న పిల్లలది.